పదహారుకు పుట్టిన రెండొందల పదహారు

కోనసీమలో రోడ్డు వెయ్యాలంటే ముందు గోదారిని అడగాలి. ధవళేశ్వరం దాటిన దగ్గర్నుంచి ఆవిడ ఒక్కచోట ఉండే మనిషి కాదు. గౌతమిగా తూర్పు పట్టుకుంటుంది, వశిష్ఠగా పడమర దిగుతుంది, గన్నవరం దగ్గరికొచ్చేసరికి వశిష్ఠ నుంచి వైనతేయ అని ఇంకో పాయ తీస్తుంది. మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి వాళ్ళం ఉండేది ఆ వైనతేయకూ ఈ వశిష్ఠకూ నడుమ. కింద సముద్రం. మ్యాపు తీసి చూస్తే మా ఊళ్ళన్నీ కలిపి ఒక దీవి. బియ్యం బస్తా రావాలన్నా, కొబ్బరికాయ పోవాలన్నా, పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళాలన్నా ఎక్కడో ఓ చోట నీళ్ళు దాటవలసిందే.

అలాంటి చోటికి కాకినాడ పైన కత్తిపూడిలో బయల్దేరిన తారు రోడ్డొకటి వస్తుంది. పిఠాపురం, కాకినాడ, తాళ్ళరేవు చూసుకుని, యానాం దగ్గర గౌతమిని దాటి, ముమ్మిడివరం, అమలాపురం మీదుగా బోడసకుర్రు దగ్గర వైనతేయను దాటి, మామిడికుదురు, తాటిపాక, రాజోలు పలకరించి, మా మలికిపురం మండలం దిండిలో వశిష్ఠ మీదికెక్కి చించినాడలో దిగుతుంది. అక్కణ్ణుంచి నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల. చివరికి ఒంగోలు. ఇంచుమించు 390 కిలోమీటర్లు. గోదారి మూడు పాయల్నీ, కృష్ణనూ, అన్నిటినీ సముద్రానికి కూతవేటు దూరంలో, అవి బాగా వెడల్పయి మందగించిన చోట దాటే రోడ్డు ఇది. దీని నెంబరు 216.

ఆ నెంబరు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఎందుకో చెబుతాను.

ఇదివరకు దీనికి 214 అని పేరు. రాజోలు తాలూకాలో పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ అదే మాట. "టూ ఫోర్టీన్ మీదకొచ్చేయండి" అంటారు. కత్తిపూడి నుంచి పామర్రు దాకా 214. పాలకొల్లు పక్కన దిగమర్రులో అందులోంచి చీలి నరసాపురం, బందరు మీదుగా ఒంగోలు పోయేది 214ఏ. బాగానే ఉంది. మరి 213 ఎక్కడుంది అని అడిగితే, కేరళలో పాలక్కాడు నుంచి కోళికోడు వెళ్ళే దారి. 215? ఒడిశాలో పాణికోయిలి నుంచి కెందుఝర్ మీదుగా పోయేది. పక్క నెంబర్లే, పక్క ఊళ్ళు మాత్రం కావు. ఏ రోడ్డును ముందు జాతీయ రహదారి అని ప్రకటిస్తే దానికి ముందు నెంబరు, తరవాత వచ్చినదానికి తరవాతి నెంబరు. ఆస్పత్రిలో చీటీల్లాగా. నెంబరు వల్ల తెలిసేది వరసే, తావు కాదు.

2010లో కేంద్రం ఆ పాత నెంబర్లన్నీ పక్కన పెట్టేసింది. దేశం పటం ముందు పెట్టుకుని కొత్తగా మొదలెట్టింది. ఉత్తరాన్నుంచి దక్షిణానికి పోయే పెద్ద రోడ్లకు సరి నెంబర్లు. తూర్పు నుంచి పడమటికి జరిగేకొద్దీ నెంబరు పెరుగుతుంది. ఈశాన్యంలో కొండల్లో 2. మన తూర్పు తీరం వెంట కలకత్తా నుంచి మద్రాసు దాకా 16. నట్టనడుమ శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా, మన ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం తాకుతూ 44. అటు పడమటి తీరాన పన్వేల్ నుంచి కన్యాకుమారి దాకా 66. తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి నెంబర్లు. పైనుంచి కిందికి పెరుగుతాయి. లద్దాఖ్ దాకా ఎక్కేది 1, రామేశ్వరం దిగేది 87. ఆ రెంటి నడుమ పుణే నుంచి సోలాపూరు, హైదరాబాదు, విజయవాడ మీదుగా బందరు చేరేది 65. మనవాళ్ళు తరాల తరబడి 9వ నెంబరు రోడ్డు అన్నది దాన్నే.

ఇహ మూడంకెల నెంబర్లు పిల్లలవి. చివరి రెండంకెలూ తల్లి పేరు, మొదటి అంకె బిడ్డ గుర్తు. 216 అంటే 16కు పుట్టిన రోడ్లలో ఒకటి. ఇంత తెలిశాక ఆ పచ్చటి బోర్డు మీద నెంబరు చూసినవాడు పటం చూడక్కర్లేదు. 16 తూర్పు తీరానిదని తెలుసు, కాబట్టి ఇదీ తీరం పిల్లే. దీని తోబుట్టువులెవరా అని చూస్తే, భువనేశ్వరు నుంచి పూరీ జగన్నాథుడి దగ్గరకు పోయేది 316. రాజమండ్రి నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు కొండలెక్కి విజయనగరంలో దిగేది 516ఈ. మేము అంతర్వేది నరసింహస్వామి పక్కనుంచి పోయే 216. ఒకే ఇంటి పిల్లలు ఒకరు కొండకీ, ఒకరు రథానికీ, ఒకరు లంకలకీ కాపరానికి వెళ్ళారు. ఇలా ఆలోచించి దేశంలో రోడ్లకు పేర్లు పెట్టిన ఆ గుమాస్తాలెవరో గాని, వాళ్ళకు ఓ దండం. కవులం అనుకునేవాళ్ళు కూడా ఇంత తక్కువ అక్షరాల్లో ఇంత వంశవృక్షం చెప్పలేరు.

ఇందులో తమాషాలూ ఉన్నాయి. రాజమండ్రి నుంచి రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా గుండుగొలను పోయే రోడ్డు ఒకప్పుడు 5వ నెంబరు జాతీయ రహదారి. దాని ముందు మా రోడ్డు ఏపాటిది! జొన్నాడ వంతెన మీద రాత్రంతా లారీల వెలుగులు చూసి మేమంతా నోళ్ళు తెరిచినవాళ్ళమే. ఇప్పుడు పెద్ద రోడ్డు కొవ్వూరు, దేవరపల్లి వైపు కాపురం మార్చేసింది. పాత రోడ్డుకు మిగిలిన పేరు 216ఏ. అంటే లెక్క ప్రకారం మా రోడ్డు వెనక తోక. రావులపాలెం వాళ్ళకు ఇది కాస్త కష్టంగానే ఉండి ఉంటుంది. మాకు మాత్రం లోలోపల సంతోషమే, దాచుకోవడం దేనికి.

అమెరికాలో ఉన్న మావాళ్ళకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. వాళ్ళ ఇంటర్‌స్టేట్ రోడ్లదీ ఇదే పద్ధతి, కాకపోతే తలకిందులు. అక్కడ ఉత్తర దక్షిణాలు బేసి, తూర్పు పడమరలు సరి. పడమటి నుంచి తూర్పుకు, దక్షిణాన్నుంచి ఉత్తరానికి పెరుగుతాయి. మూడంకెల పిల్లలు అక్కడా ఉన్నారు. డాలస్‌ని ఉత్తరం నుంచీ తూర్పు నుంచీ చుట్టుకునే 635కి తల్లి 35. మొదటి అంకె సరిసంఖ్య అయితే ఆ పిల్ల మళ్ళీ పెద్ద రోడ్డును కలుస్తుందని, బేసి అయితే ఎటో పోయి ఆగిపోతుందని అక్కడి నియమం. మన దగ్గర అలాంటి నియమం ఏమీ పెట్టలేదు. అయినా చూడండి, 216 కత్తిపూడిలో 16ను విడిచి, సముద్రం అంచు అంతా తిరిగి, ఒంగోలులో మళ్ళీ 16నే చేరుకుంటుంది.

నెంబరు ఢిల్లీలో పెట్టొచ్చు. దారి మాత్రం రేవులో పుట్టింది.

ఏ ఇంజనీరూ వచ్చి రోడ్డు ఇటు పోవాలి అని గీత గీయకముందే, ఏటికి ఏ ఒడ్డున ఏ చోట నిలబడితే అవతలివాడికి కేక వినబడుతుందో పడవవాళ్ళకు తెలుసు. ఒండ్రు ఎక్కడ మేట వేస్తుంది, ఒడ్డు ఎక్కడ కోసుకుపోతుంది, పోటు ఎక్కడిదాకా వస్తుంది, వరదలో కూడా ఎక్కడ ఒడ్డు నిలుస్తుంది, ఇవన్నీ తరాలుగా చూసి చూసి రేవులు కుదురుకున్నాయి. యానాం, ఎదుర్లంక. బోడసకుర్రు, పాశర్లపూడి. దిండి, చించినాడ. రేవున్న చోట సంత, సంత ఉన్న చోట సత్రం, సత్రం దాకా బండిబాట. ఆ బాటల్ని ఒకదాని చివర ఒకటి కుట్టుకుంటూ పోతే వచ్చిందే ఈ జాతీయ రహదారి. ఇవాళ మూడు వంతెనలూ ఆ పాత రేవుల దగ్గరే నిలబడ్డాయి. బోరు యంత్రాలు దించి అడుగు మట్టి పరీక్ష చేసినవాళ్ళు కూడా చివరికి పడవవాడు చెప్పిన చోటికే వచ్చారన్నమాట.

వంతెనలన్నీ ఒకేసారి రాలేదు. బోడసకుర్రు వంతెన రాకముందు అమలాపురం నుంచి రాజోలు బస్సు నేరుగా వచ్చేది కాదు. అంబాజీపేట పోయి, కొబ్బరి మార్కెట్టు వాసన పీల్చి, పి.గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటి చుట్టుతిరిగి వచ్చేది. ఆ అక్విడెక్టు కథ లేకుండా మా రోడ్ల కథ లేదు. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాడు. కాలవలు తవ్వాడు. గన్నవరం దగ్గర చిక్కొచ్చింది. ఇవతలి కాలవనీళ్ళు వైనతేయ అవతల మా రాజోలు లంకలకు చేరాలి, మధ్యలో ఏరు. 1850ల తొలిరోజుల్లోనే హేగ్ అనే కుర్ర లెఫ్టినెంటు ఏటి మీద ఏరు పారించాడు. 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగులు. పైన కాలవ, పక్కన మనుషులూ బళ్ళూ, కింద వైనతేయ. నీటికోసం కట్టింది దారిగా కూడా అక్కరకొచ్చింది. ఒకటిన్నర శతాబ్దం పాటు రాజోలు సీమకు అదే గుమ్మం.

ఆ గుమ్మం దగ్గరే, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారి ఇల్లు. 1841లో పుట్టి 1909 దాకా ఉన్న ఆ తల్లి, ఏ వేళ ఎవరొచ్చి అరుగు మీద కూర్చున్నా విస్తరి వేసేది. ఒకసారి ఆవిడే అంతర్వేది దర్శనానికి పల్లకీలో బయల్దేరి దారిలో ఆగితే, ఓ పెళ్ళివారి గుంపు "ఇంకెంతసేపు, సీతమ్మగారింటికి చేరితే కడుపునిండా అన్నం" అని పిల్లల్ని ఊరడించడం వినబడిందట. దేవుడి దర్శనం మానుకుని పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందు ఇంటికొచ్చి పొయ్యి వెలిగించిందని చెప్పుకుంటారు. పాత అక్విడెక్టు పక్కన కొత్తది కట్టినప్పుడు సీతమ్మగారి పేరే పెట్టారు. దారికి అన్నం పెట్టిన మనిషి పేరు! రహదారుల చరిత్రలో ఇంత సబబైన పేరు పెట్టడం అరుదు. మంత్రుల పేర్లు ఎక్కడైనా ఉంటాయి.

యానాం దగ్గర గౌతమి మీద వంతెన పేరు మాత్రం ఒక నాయకుడిదే, అయినా అదీ సబబే. జి.ఎం.సి. బాలయోగి ఈ లంకల్లో పుట్టి లోక్‌సభ స్పీకరు అయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి చనిపోయారు. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు తేవాలని ఆయన పట్టుబట్టారు. రైలు పనులు నత్తనడక నడిచాయి, రోడ్డు ముందొచ్చింది. ఇవాళ బాలయోగి వారధి దిగి వచ్చే ప్రతి కారూ, ప్రతి రొయ్యల లారీ ఆయన పేరు మీదుగానే కోనసీమలో కాలు పెడుతుంది. ఆ పక్కనే యానాం, 1954 దాకా ఫ్రెంచివారిది, ఇప్పుడు పుదుచ్చేరిది. ఒకే రోడ్డు మీద కాసేపు రాష్ట్రం మారి, పెట్రోలు ధర మారి, మళ్ళీ మన రాష్ట్రం వచ్చేస్తుంది.

పాశర్లపూడి అనగానే మా వయసు వాళ్ళకు వంతెన కంటే ముందు మంట గుర్తుకొస్తుంది. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి ఎగదన్నింది. 65 రోజులు ఆకాశం ఎర్రగా మండింది. రాత్రిళ్ళు దీపాలక్కర్లేకపోయింది. మరుసటి ఏడాది నవంబరు 6న తుఫాను. కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా పడి, ఊరికీ ఊరికీ మధ్య గొడ్డళ్ళతో దారి కొట్టుకోవలసి వచ్చింది. ఇలాంటి చోట రోడ్డు ఎంత ఎత్తున ఉండాలి అన్న ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు. నీళ్ళు ఇదివరకు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద మరక చూపించే ముసలాళ్ళ దగ్గరే దొరుకుతుంది. ఇంజనీరు వచ్చి ఆ మరకనే కొలిచి రాసుకుంటాడు.

రోడ్డు వేసే పని దగ్గర నిలబడి చూడ్డం నాకు మహా ఇష్టం. మా నేలలో రాయన్నది లేదు. పలుగు దించితే ఒండ్రు, ఇంకా దించితే ఇసక, ఇంకా దించితే నీళ్ళు. కంకర దగ్గర్నుంచి గ్రావెలు దాకా అంతా మెరక సీమ నుంచి టిప్పర్లలో రావాలి. అంటే మేం నడిచేది మా ఊళ్ళో మీ కొండల మీద. మా మట్టిని మాత్రం ఓ చిత్రమైన పరీక్ష పెడతారు. ఇనప డబ్బాలో దట్టించి, నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఆ తరవాత దాని మీద ఇనప కడ్డీ పెట్టి నొక్కుతారు. ఎంత బరువుకు ఎంత దిగింది అన్నదాన్నిబట్టి పైన ఎన్ని పొరలు వెయ్యాలో తేలుతుంది. సీబీఆర్ అంటారు, కాలిఫోర్నియా రోడ్లవాళ్ళు కనిపెట్టింది. నానిన మట్టి ఎంత మొయ్యగలదో ముందే అడిగి తెలుసుకోవడం! ఏడాదికి ఆరు నెలలు తడిసి ఉండే మా నేలకు ఇంతకన్నా న్యాయమైన ప్రశ్న ఇంకోటి లేదు. పొడిగా ఉన్నప్పుడు ఎవరైనా మోస్తారు.

వెడల్పు ఎలా తేలుస్తారో అది ఇంకా ముచ్చట. రోడ్డు పక్క కుర్చీలేసుకుని వారం రోజులు రాత్రీ పగలూ పోయేవాటిని లెక్కపెడతారు. ఊరికే లెక్క కాదు, ఒక్కోదానికి ఒక్కో విలువ. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పట్టికలో కారుది 1, మోటారు సైకిలుది అర, సైకిలుదీ అరే. లారీది 3. రిక్షాది 2. ఎద్దుబండిది 8! వేగంగా పోయేది రోడ్డును తక్కువ వాడుకుంటుంది, నెమ్మదిగా పోయేది ఎక్కువ వాడుకుంటుంది అని లెక్క. గడ్డిమోపులేసుకుని మా మామయ్య తోలిన బండి ఎనిమిది కార్లతో సమానం అని భారత ప్రభుత్వ ఇంజనీర్లు రాసి ఉంచారు. ఆయన బతికుండగా ఈ సంగతి చెబితే మీసం దువ్వి ఉండేవాడు. ఇలా కూడిన మొత్తం రోజుకు 15 వేలు దాటొస్తోందంటే రెండు వరసల రోడ్డు చాలదని అర్థం. మొదట తారును పక్కలకు పెంచి రెండు వరసల ఏడు మీటర్లను పది మీటర్లు చేస్తారు. అదీ చాలకపోతే నాలుగు వరసలు.

అక్కడే మనుషుల గుండె దడ మొదలవుతుంది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద మొదట 3ఏ నోటీసు వస్తుంది, పేపర్లో సర్వే నెంబర్లతో సహా. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 21 రోజులు. తరవాత 3డి. అది గెజిట్టులో పడిందా, ఆ భూమి ఇక సర్కారుది. ఎవరి చేనులో పడుతుందో తేలేదాకా టీ కొట్టు దగ్గర ఒకటే గుసగుస.

"ఏవండీ, బైపాసు మన దొడ్డంట ఎల్తాదంటగా?"

"ఆయ్, అలాగే అంటన్నారండి. మొన్న మార్కింగు ఏసెళ్ళారు."

మార్కింగు అంటే ఏమిటో దగ్గరగా చూడాలి. తోటలో పొద్దున్నే ఇద్దరు ముగ్గురు వస్తారు. మూడు కాళ్ళ స్టాండు మీద యంత్రం నిలబెడతారు. ఒకడు కర్ర పట్టుకుని చెట్ల మధ్య నడుస్తాడు. ఇంకొకడు పెయింటు డబ్బా, కుంచె. కాపు మీదున్న కొబ్బరిచెట్టు మొదలు బెరడు మీద, మనిషి ఎత్తున, అంకె వేస్తాడు. ఒకటి, రెండు, మూడు. ఏ చెట్టు వయసెంత, ఎన్ని గెలలు, ఎంత విలువ అన్నది ఆ అంకెకెదురుగా చిట్టాలో రాస్తారు. అన్నాళ్ళూ "తూర్పు గట్టు చెట్టు", "అమ్మమ్మ నాటిన చెట్టు" అని పిలుచుకున్నవి ఆ పూట నుంచి నెంబర్లవుతాయి. రోడ్లకు నెంబర్లు పెట్టడాన్ని ఇంతసేపు పొగిడినవాణ్ణే, ఇక్కడ మాత్రం గొంతు పట్టుకుంటుంది. పరిహారం వస్తుంది, కొన్నిసార్లు మంచి పరిహారమే. చెట్టు రాదు.

ఇంకో ఫిర్యాదూ ఉంది, చెప్పక తప్పదు. వరద భయంతో రోడ్డు ఎత్తు పెంచుతారు, బాగానే ఉంది. పక్కన ఇళ్ళు పల్లమైపోతాయి. నిన్నటిదాకా రెండు మెట్లెక్కి ఇంట్లోకి పోయినవాడు ఇవాళ మెట్లు దిగి పోతాడు. వానొస్తే నీళ్ళు ఇంట్లోకే. మురుగు కాలవలు సముద్రం దాకా తిన్నగా పోయే నేల ఇది. రోడ్డు కట్ట వాటికి అడ్డం పడిన ప్రతిచోటా చాలినన్ని తూములు పెట్టాలి. వంతెన మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు తూముల మీద పెట్టినా చాలు. తూముకు ప్రారంభోత్సవం ఉండదు, అదీ చిక్కు. అయినా వరదొచ్చినప్పుడు ఊళ్ళోవాళ్ళు గొడ్లను తోలుకొచ్చి కట్టేసేది మళ్ళీ ఆ రోడ్డు మీదే. తిట్టుకుంటూనే.

ఈ దారి వెంట ఒకసారి పైనుంచి కిందిదాకా పోయి చూస్తే ఇంకో అద్భుతం కనబడుతుంది. తాళ్ళరేవు పక్కన కోరంగి, ఓడలు కట్టిన ఊరు, 1839 తుఫాను మింగేసిన రేవు. యానాంలో ఫ్రెంచివారు. నరసాపురంలో డచ్చివారు. మచిలీపట్నంలో డచ్చివారూ, 1611 నుంచి ఇంగ్లీషువారూ. రేపల్లె దిగువన నిజాంపట్నం, అదే ఏడాది ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ ఓడ ఆగిన చోటు. చీరాల దాటాక మోటుపల్లి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ శాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట సుంకం తప్ప ఏమీ ముట్టం, రండి అని పరదేశి వర్తకులకు అభయం ఇచ్చాడు. ఒకప్పుడు ఈ ఊళ్ళన్నిటినీ కలిపింది సముద్రం. ఓడలు వెళ్ళిపోయాయి. ఒండ్రు మేటవేసి రేవులు పూడిపోయాయి. పూసలు జారిపోయిన ఆ దండను మళ్ళీ గుచ్చింది ఈ రోడ్డే. 5వ నెంబరు రోడ్డు ఎప్పుడూ ఈ ఊళ్ళ మొహం చూడలేదు. అది పైపైన, ఆనకట్టకు దిగువనే అయినా సముద్రానికి ఎడంగా, తొందరలో ఉన్నవాళ్ళను తీసుకుపోయింది.

ఇక దిగమర్రు. పాలకొల్లు పక్కన ఓ మామూలు ఊరు. కత్తిపూడి నుంచి వచ్చే 216 అక్కణ్ణుంచి నరసాపురం వైపు తిరుగుతుంది. పాత 214లో మిగిలిన ముక్క, భీమవరం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా పామర్రు పోయేది, ఇప్పుడు 165. అంటే 65 కూతురు. పుణే నుంచి బయల్దేరిన తల్లి పిల్లా, కలకత్తా నుంచి బయల్దేరిన తల్లి పిల్లా వచ్చి కలుసుకునేది దిగమర్రులో. సరి, బేసి అక్కడ వియ్యమందుతాయి. ఇంత ఘనత ఉన్న ఊరు తన సంగతి తాను ఎరగనట్టే ఉంటుంది.

మా మలికిపురం సెంటరు మీదుగా వెళ్ళే రోడ్డుకు ఇంత పెద్ద నెంబరేమీ లేదు. దిండి వైపు రహదారి విడిచి లోపలికొస్తే మలికిపురం, ఇంకా పోతే సఖినేటిపల్లి, ఇంకా పోతే అంతర్వేది, అక్కడ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ పంటు ఎక్కుతారు. ఇనప పడవ, మీద మోటారు సైకిళ్ళు, చేపల బుట్టలు, కాలేజీ పిల్లలు, ఓ పెళ్ళి కారు. పంటు ఒడ్డుకు తగిలేసరికి అందరూ ఒక్కసారి ముందుకు తూలి సర్దుకుంటారు. అక్కడా వంతెన కావాలని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. వస్తే మంచిదే. వచ్చిన రోజున రేవు దగ్గరే వస్తుంది, పందెం.

మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం. దూరాన్నుంచి కార్లలో వచ్చేవాళ్ళకు ఓ మాట. రాళ్ళు చూసుకుంటూ రండి. కిలోమీటరు రాయి నెత్తిన పసుపు రంగుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ ఉంటే గ్రామసడక్ రోడ్డు. రాజోలు దాటాక పసుపు రాళ్ళనే నమ్ముకుని పోకండి. దిండి వంతెన ఎక్కకముందే మలికిపురం వైపు తిరగాలి. ఎక్కేశారంటే జిల్లా దాటి పశ్చిమ గోదావరిలో పడ్డట్టే. మళ్ళీ వెనక్కి రావడానికి చించినాడలోనే బండి తిప్పుకోవాలి.